దావ తడిపిన మనిషి

మా లారీల ఆఫీసు సోమందేపల్లె దగ్గర, హైవే పక్కనే ఉంటుంది. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. నేను దుమ్ముకే అలవాటు పడ్డాను. మొన్న మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా మూత తీస్తుంటే కాలిన బ్రేక్ లైనర్ల వాసన గుప్పుమని లోపలికొచ్చింది. ఆ వాసన తెలియనివాళ్లకు ఎలా చెప్పాలి? రబ్బరు కాలినట్టూ ఉంటుంది, ఇనుము కాలినట్టూ ఉంటుంది, గొంతులో గరగరమని పట్టుకుంటుంది. ఎవరిదో లారీ, ఏ ఊరిదో, వచ్చి మా గేటు ముందర ఆగింది. డబ్బా అలాగే వదిలేసి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఆ డ్రైవరు అప్పటికే బిందె తీసుకుని చక్రం మీద నీళ్లు కుమ్మరించబోతున్నాడు. "పొయ్యొద్దప్పా! డ్రమ్ము పగులుతాది! దానంతటదే చల్లారనీ!" అని అరిచాను. పాపం, బిందె కింద పెట్టేసి రెండడుగులు వెనక్కి జరిగాడు. నెరిసిన జుట్టుతో ఒక ఆడమనిషి వట్టికాళ్లతో ఎండలోకొచ్చి బ్రేకు డ్రమ్ముల గురించి అరిస్తే ఎవరైనా జరుగుతారు.

"వాసనొచ్చినాదంటే అప్పుటికే లేటయినట్ల పాపా. బండి నడిపేది ముక్కుతో గాదు, పాదంతో." ఇది మా పాత డ్రైవరు ఓబులేసన్న మాట. ఆయన పోయి కొన్నేళ్లయింది కానీ మొన్న ఆ ఎండలో పక్కన నిలబడి అన్నట్టే వినిపించింది. తిరిగొచ్చి కూర్చున్నాక అన్నం సయించలేదు. ఆ మనిషిని చూడనివాళ్లకు ఆయన గురించి చెప్పాలని చాలా రోజుల నుంచి ఉంది. ఈ ఓనరు కుర్చీలో నేను కూర్చున్నానంటే అది మా నాయన ఇచ్చిందని ఊళ్లో అందరూ అనుకుంటారు. నాయన ఇవ్వలేదు. నేను చదివిన బీకామూ ఇవ్వలేదు. ఓబులేసన్న ఇప్పించాడు, అదీ ముక్కు పిండి పని చేయించి ఇప్పించాడు.

ఓబులేసన్నది పామిడి. పెన్న ఒడ్డున పుట్టాడు కానీ ఈత రాదు. "అదేమన్నా, ఏటి పక్కనే పుట్టి?" అంటే, "నీళ్లుంటే గదా ఈదేదానికి" అని నవ్వేవాడు. పొడుగు మనిషి. కుడి చెయ్యి ఎడమ చేతికన్నా బాగా నల్లగా ఉండేది, జీవితమంతా ఆ చెయ్యి లారీ కిటికీ బయట ఎండలో ఉండబట్టి. మా తాత కాలంలో పనికి చేరి, నాయన కాలంలో పెద్ద డ్రైవరయ్యాడు. పెద్ద డ్రైవరు అన్నది ఎవరో ఇచ్చిన ఉద్యోగం కాదు. మిగతా డ్రైవర్లు ఎవరి మాటకు ఎదురు చెప్పరో ఆయనే పెద్ద డ్రైవరు. నోరు మహా చెడ్డది. లారీని ఎనుము, అంటే బర్రె, అనేవాడు, కొత్తగా వచ్చిన డ్రైవర్లను దూడలు అనేవాడు, మా నాయనను మాత్రం "స్వామీ" అంటూనే ముఖం మీద తిట్టేవాడు. నాయన కిక్కురుమనేవాడు కాదు.

మేము లోడెత్తే క్వారీ మడకశిర వైపు ఒక గుట్ట మీద ఉంది. పైన గ్రానైటు దిమ్మెలు కోస్తారు. వాటిని లారీల మీద గొలుసులతో కట్టి కిందికి దించి, పాలిష్ ఫ్యాక్టరీలకు, రేవుకు చేర్చడమే మా కుటుంబం పని. హైవే మీద తోలడం పెద్ద విషయం కాదు, అది ఎవరైనా తోలుతారు. గుట్ట దిగేదే అసలు కష్టం. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క లోయ, మధ్యలో పాములాంటి మట్టిదారి, సగంలో, దగ్గరికి పోయేదాకా కనిపించని ఒక ముచ్చు మలుపు. ఇంత పెద్ద దిమ్మె వెనక నుంచి నెడుతుంటే లారీ ఆగనంటుంది. మా తాత డ్రైవరుగా మొదలై ఓనరు అయిన మనిషి. ఆయన ఒక పద్ధతి పెట్టి పోయాడు: ఆఫీసు కుర్చీలో కూర్చోవాలనుకున్న మనిషి ఒక్కసారైనా నిండు లోడుతో తనే గుట్ట దించాలి. దిగని మనిషి మాట డ్రైవర్లు వినక్కర్లేదు. మా నాయన చదువు ముగించుకుని వస్తే ఆయన కూడా లోడు దించేదాకా డ్రైవర్లు నమస్కారం పెట్టలేదట. కింద ప్రాణాలు పెట్టేవాళ్ల మీద పెత్తనం చేయాలంటే ఆ భయం ఏమిటో కాస్త కడుపులో పడి ఉండాలి కదా.

నాయన ఒక పొద్దున కాఫీ తాగుతూ గుండె పట్టుకుని పోయాడు. దినాలు ముగిసిన సాయంత్రం మా చిన్నాయన ఇంటి వసారాలో కూర్చుని మాట తీశాడు. ఆయన హిందూపురంలో వేరే వ్యాపారం చేసుకుంటాడు, లారీల్లో సగం భాగం ఉంది. చెడ్డవాడు కాడు. మా అమ్మ ముందర ఏడ్చాడు కూడా. కానీ లెక్క తెలిసిన మనిషి. "ఎవురో పెద్ద కంపెనీవోళ్లు బండ్లన్నీ ఒగేసారి కొంటామంటాండారు. ఇచ్చేసి నెమ్మదిగా ఉండండమ్మా. ఆడబిడ్డ ఈ రాళ్లు, ఈ డ్రైవర్లు, ఇవన్నీ యాడ చూసుకుంటాది?" అన్నాడు. నాకు కోపం జాస్తి, చిన్నప్పటి నుంచీ. "నేను చూసుకుంటా చిన్నాయనా" అన్నాను. ఆయన నవ్వాడు. "నీ మాట ఎవురింటారు పాపా?" అంటూ వాకిట్లో నిలబడ్డ డ్రైవర్ల వైపు తిరిగి, "ఏమప్పా ఓబులేసూ, ఈ పాప కింద పనిచేస్తారా మీరు?" అని అడిగాడు.

ఓబులేసన్న తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. "గుట్ట దిగితే చేస్తాం. దిగకపోతే చెయ్యం. పెద్దాయన పెట్టిన పద్ధతి. మొగోళ్లకొగటి ఆడోళ్లకొగటి లేదు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. నన్నెత్తుకుని తిప్పిన మనిషి, నలుగురిలో అంత కఠినంగా మాట్లాడతాడా అనుకున్నాను. ఆ మాటతో ఆయన నాకు తలుపు వేయలేదు, తెరిచి పట్టుకున్నాడని తెలియడానికి నాకు రాత్రంతా పట్టింది. చిన్నాయన కూడా ఆ మాటే పట్టుకున్నాడు. "సరే, శ్రీరామనవమి దాకా ఆగుతా. ఆ పొద్దు కొనేటోళ్లను గుట్ట కాడికే పిల్చకొస్తా. నువ్వు లోడు దించితే బండ్లు నీ చేతిలోనే ఉంటాయి, నా భాగం గూడా నువ్వే నడుపు. దించకపోతే అమ్మా కూతురూ సంతకాలు పెట్టేయల్ల" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఊపేశాక భయమేసింది.

మొదటి రోజు ఓబులేసన్న నన్ను లారీ ఎక్కనీయలేదు. గుట్ట పైకి తీసుకుపోయి, "చెప్పులిప్పు" అన్నాడు. "ఎందుకన్నా?" అంటే, "ఇప్పమంటే ఇప్పల్ల" అన్నాడు. ఎర్రటి ఎండలో ఆ దారి పొడుగునా నన్ను నడిపించాడు. "లోడు దించేముందర దావ నడిచి చూడల్ల. నిన్నటి దావ ఈ పొద్దుండదు. పైన మందు పేల్చినారంటే యాడో ఒగ రాయి జారింటాది, యాడో మన్ను వదులయింటాది. నువ్వు పైన కూచుంటే బండి చెప్పదు. కాలు చెప్తాది." నా అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇంటికెళ్లి అమ్మ దగ్గర ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు మళ్లీ చెప్పులిప్పించాడు. లోడు లేని బండికైనా సరే, నేను స్టీరింగు ముట్టుకునే ముందు ప్రతిసారీ నడిపించాడు.

తరువాత క్లచ్. హెవీ లైసెన్సుకు లెర్నర్స్ తీసుకుని, ఖాళీ లారీతో క్వారీ మైదానంలో నేర్చుకున్నాను. కారు తోలడం వచ్చు కదా అని ధీమాగా ఎక్కాను. ఆ ధీమా మొదటి గేరులోనే పోయింది. ఇంజను గుక్క పెట్టి ఆగిపోతుంది, నా కాలు వణుకుతుంది, పక్కన ఓబులేసన్న, "ఎనుమును పొడిచినట్ల పొడుస్తావేమి దాన్ని! నీ మొగుడనుకుంటివా? రోంత నెమ్మదిగా!" అని అరుస్తాడు. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. ఒక రోజు నాకు తిక్క రేగింది. తాళం చెవి ఆయన ఒళ్లో పడేసి, లారీ దిగి, గుట్ట కిందికి నడవడం మొదలుపెట్టాను. ఈ లారీలూ వద్దు, ఈ తిట్లూ వద్దు, అమ్మేసుకోనీ అనుకుంటూ నడుస్తున్నాను. కాసేపటికి వెనకాల లారీ వచ్చింది. హారన్ కొట్టలేదు, దాటిపోలేదు. నా నడక వేగంతోనే వెనకాల వచ్చింది. నేనే అలిసిపోయి ఆగాను. ఆయన తల బయట పెట్టి, "కోపమొస్తే బండి దిగల్ల. స్టీరింగు మింద చూపించగూడదు. నేను చెప్పకనే చేసినావు. ఎక్కు ఇంగ" అన్నాడు. తిట్లకు క్షమాపణ అడగలేదు. అడిగే రకం కాదు. కానీ ఆ రోజు నుంచి ఆయన తిట్టినా నాకు పట్టేది కాదు.

మడకశిరలో టీ అంగడి ముందర లారీ ఆపితే అక్కడి కన్నడం మాట్లాడేవాళ్లంతా నన్ను వింతగా చూసేవాళ్లు. అంగడాయన ఒకసారి ఉండబట్టలేక, "ఏనప్పా ఓబులేశా, హుడుగి లారీ ఓడిస్తాళా?" అని ఎగతాళిగా అడిగాడు. పిల్ల లారీ తోలుతుందా అని. ఓబులేసన్న టీ ఒక గుటక తాగి, "తోలుతాది. తోలి నీ అంగడి ముందరే నిలబెడతాది. అప్పుటికన్నా గ్లాసులు శుభ్రంగా కడుగు" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నాయన పోయాక నేను నవ్వింది అదే మొదలు.

గేర్ల సంగతి ఆయన ఒకటే చెప్పేవాడు. లోడుతో ఏ గేరులో గుట్ట ఎక్కగలవో ఆ గేరులోనే దిగాలి, పైనే ఆ గేరు వేసుకోవాలి, సగంలో మార్చకూడదు. బ్రేకును పట్టుకుని వేలాడకూడదు. ఇంజనే బండిని పట్టుకోవాలి. మొదట ఖాళీగా దించాను. తరువాత చిన్న దిమ్మెతో, ఆయన పక్కన కూర్చుని ఉండగా దించాను. నిండు లోడు మాత్రం నవమి రోజే అన్నాడు. "ముందే దించితే ఆ పొద్దుకు భయం పోతాది. భయముండల్ల" అన్నాడు. ఆ మాట అర్థం కాక ఆయనతో పోట్లాడాను. ఆయన వినలేదు.

నవమి రోజు పొద్దున్నే బయలుదేరుతుంటే అమ్మ, "దిగినాక ఫోన్ చెయ్యి. దిగేముందర చెయ్యొద్దు" అంది. గుట్ట పైకి చేరేసరికి అక్కడ తిరునాళ్లలా ఉంది. లారీ ముందర అరటి పిలకలు కట్టారు, బంతిపూల దండలు వేశారు, చక్రాలకు పసుపు రాశారు. డ్రైవర్లంతా ఉతికిన చొక్కాలతో ఉన్నారు. కింద మలుపు కనిపించే చోట షామియానా వేసి, చిన్నాయన, కొనడానికి వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. మజ్జిగ గ్లాసులు తిరుగుతున్నాయి. దిమ్మె ఎక్కించి గొలుసులు బిగించి ఉంది. అంత పెద్ద దిమ్మెను నా వెనక ఎప్పుడూ చూడలేదు.

ఓబులేసన్న కొత్త తువ్వాలు వేసుకుని ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "దావ చూసినావా పాపా? నీ మింద దుమ్ము పడగూడదని నీళ్లు కొట్టిచ్చినా" అన్నాడు. చూశాను. పై నుంచి కింది దాకా దారంతా తడిసి నల్లగా మెరుస్తోంది. ఆ యేడు మా వైపు చుక్క వాన లేదు. బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి, తాగే నీళ్లకు ట్యాంకరు దగ్గర తలలు పగలగొట్టుకుంటున్నారు. మా డ్రైవరు పీరన్న తమ్ముడి మల్బరీ తోటకు పారే నీళ్లు ఒక పూట ఆపించి, ట్యాంకరు నింపించి, తెల్లవారకముందే ఈ దారికి కొట్టించాడట. పెళ్లికూతురు నడిచే దారికి కూడా ఆ రోజుల్లో ఎవరూ అన్ని నీళ్లు పోసేవాళ్లు కాదు. మా సీమలో మనిషికి అంతకన్నా పెద్ద గౌరవం ఏముంది? నా కళ్లు నిండాయి. వంగి ఆయన కాళ్లకు మొక్కాను. మొక్కి, చెప్పులు విప్పి, ఆయన నేర్పిన ప్రకారం దారి నడిచి చూడడానికి దిగాను.

నాలుగు అడుగులు వేసేసరికి నాకు తెలిసిపోయింది. ఆ దారి మీద ఏళ్ల తరబడి రాళ్లు కోసిన పొడి పడి పేరుకుపోయి ఉంటుంది. పొడిగా ఉంటే చక్రానికి పట్టు దొరుకుతుంది. తడిసిందా, నున్నటి గంధమే. నా మీది సంబరంలో ఓబులేసన్న తడిపాక దారి నడిచి చూసుకోలేదు. మలుపు దగ్గర నా కాలు సర్రున జారింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. కింద కుర్చీల్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు లోయ కన్నా ఓబులేసన్న కొత్త తువ్వాలే ఎక్కువ భయం వేసింది. వాన లేని సంవత్సరంలో నా కోసం నీళ్లు పోయించిన మనిషి. ఆయన ముందర, అందరి ముందర, ఆ నీళ్లే తప్పని ఎలా చెప్పను? చెప్పకుండా ఎక్కితే?

పైకి వచ్చి, "అన్నా, ఇప్పుడు దించను" అన్నాను.

"ఏం కాదు పాపా. నేను పక్కన కూచుంటా గదా."

"నువ్వు కూచున్నా దించను. దావ జారతాండాది."

ఆయన ముఖం చిన్నబోయింది. మెల్లగా, "నేను కొట్టిచ్చిన నీళ్లను వద్దంటాండావా? ఇంతమందిలో?" అన్నాడు. పక్కనున్న డ్రైవర్లు తలలు వంచుకున్నారు. పీరన్న నా దగ్గరకొచ్చి, "మ్మా, అన్న మనసు కష్టపెట్టొద్దు, రోంత మెల్లగా దించుకుందాం" అన్నాడు. ఈలోపు చిన్నాయన కింద నుంచి ఎక్కి వచ్చాడు. "ఏమాయ పాపా? భయమయితాదా? భయమైతే చెప్పు, తప్పేమీ లేదు. వీళ్లు మాపటిదాకా కూచోరు" అన్నాడు. అయినా చెప్పాను. "కూచోకపోతే పోనీ చిన్నాయనా. ఈ దావలో లోడు దించితే పద్ధతి కాదు. నేను దించేది ఈ పొద్దే. కానీ దావ ఆరినాక." తాళం చెవి చీర కొంగున ముడేసుకుని లారీ ముందరి నీడలో కింద కూర్చున్నాను. ఇంక ఎవరేమన్నా లేచేది లేదని నిశ్చయించుకున్నాను. ఓబులేసన్న ఇక జన్మలో నాతో మాట్లాడడేమో అనుకున్నాను. అంత దుఃఖం నాకు నాయన పోయినప్పుడే వచ్చింది.

ఓబులేసన్న చెప్పులు విప్పాడు. ఒక్కడే దారి దిగాడు. మలుపు దాకా పోయాడు, జారాడు, చేత్తో నేల ఆనించి నిలబడ్డాడు. అక్కడే గొంతుక్కూర్చుని, ఆ బురదను వేళ్ల మధ్య నలిపి చూశాడు. మేమంతా పై నుంచి చూస్తూనే ఉన్నాము. తరువాత ఎక్కి వచ్చాడు. నా దగ్గరకు కాదు, అందరి మధ్యకు వచ్చి, కింద కుర్చీల దాకా వినబడేలా అరిచాడు. "తప్పు నాది! దావ తడిపింది నేను. ఈ దావలో నేనైనా దించను, పెద్దాయన బతికొచ్చినా దించడు. పాప చెప్పిందే పద్ధతి!" ఆ గొంతు ఒక్కసారి జీరపోయింది. మళ్లీ సర్దుకుని, "చూస్తా నిలబడినారేమప్పా? పారలు తీండి!" అన్నాడు.

కొత్త చొక్కాలన్నీ మట్టికొట్టుకుపోయాయి. డ్రైవర్లంతా పారలతో ఆ బురద గీకి లోయలోకి తోశారు. గుట్ట పక్క నుంచి పొడి మొరుసు, గరుకు రాతి ఇసుక, గంపలతో మోసి చల్లారు. నేనూ మోశాను. కొనడానికి వచ్చినవాళ్లు భోజనం వేళకు కార్లెక్కి వెళ్లిపోయారు. చిన్నాయన మాత్రం వెళ్లలేదు. షామియానా కింద ఒంటరిగా కూర్చుని, చివరికి ఆయన కూడా ప్యాంటు మడిచి ఒక గంప ఎత్తాడు. ఆ సంగతి ఇప్పటికీ ఎత్తితే సిగ్గుపడతాడు.

ఎండ వాలేవేళకు దారి మళ్లీ నడిచి చూశాను. అరికాలు కింద మొరుసు కరకరమంది. లారీ ఎక్కి, గేరు వేసుకుని, ఓబులేసన్న పక్కన ఎక్కుతాడని చూశాను. ఆయన ఎక్కలేదు. లారీ ముందుకు వెళ్లి, నాకు వీపు పెట్టి, దారి మధ్యలో నిలబడ్డాడు. తరువాత నడవడం మొదలుపెట్టాడు. "అన్నా! పక్కకు జరుగు!" అని అరిచాను. జరగలేదు. హారన్ కొట్టాను. వినిపించుకోలేదు. పీరన్న పరుగెత్తుకుంటూ వెళ్లి చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకున్నాడు. ఒక పక్క గోడ, ఒక పక్క లోయ. నేను లారీ జారనిస్తే ఆయనకు తప్పుకోవడానికి చోటు లేదు.

దించాను. ఎలా దించానో చెప్పమంటే చెప్పలేను. వెనక దిమ్మె నెడుతోంది, ఇంజను హోరుమంటోంది, ముందర ఆ వీపు. ఆ వీపుకూ నా బంపరుకూ మధ్య దూరం తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. లోయ కనిపించలేదు, జనం కనిపించలేదు. మలుపు దగ్గర లారీ వెనకభాగం కొద్దిగా గుంజింది. నా కాలు బ్రేకు మీదికి పోబోయింది, పోనివ్వలేదు. ఇంజనే పట్టుకుంది. ఓబులేసన్న మామూలుగా, అంగడికి పోతున్న మనిషిలాగా నడుస్తున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

కిందికొచ్చి ఇంజను ఆపి దిగాను. కాళ్లు నిలవలేదు. ఆయన దగ్గరకు పోయి రెండు చేతులతో ఆయన గుండెల మీద కొట్టాను. "నీకేమన్నా అయింటే? పిచ్చి పట్టిందా నీకు? ఎందుకు నడిచినావు?" అని ఏడుస్తూ తిట్టాను. ఆయన నన్ను కొట్టనిచ్చాడు. తరువాత తువ్వాలుతో నా ముఖం తుడిచి, "దావ నేను తడిపినా పాపా. ముందర నేనే నడవల్ల" అన్నాడు. అంతే. ఆ తరువాత డ్రైవర్లంతా వరసగా వచ్చి నాకు నమస్కారం పెట్టారు. అందరికన్నా ముందు ఆయనే పెట్టాడు.

ఆయన పని మానేసి పామిడి వెళ్లిపోయాక కూడా నేను అప్పుడప్పుడు వెళ్లి చూసొచ్చేదాన్ని. ఇంటికెవరు వచ్చినా నన్ను చూపించి, "ఈ పాప ఎవురనుకుంటిరి? నూరుమందిలో నా మాట కాదనింది ఈమొకతే" అని గర్వంగా చెప్పుకునేవాడు. తను నేర్పిన విద్య గురించి ఒక్కరోజు కూడా చెప్పుకోలేదు. కాదనిపించుకున్న రోజు గురించే చెప్పుకున్నాడు. చివరిసారి మంచంలో ఉండి కూడా పక్కింటావిడకు అదే కథ చెప్పాడు, ఆవిడ ఎన్నోసారి వింటోందో ఏమో.

ఇన్నేళ్లలో నేను తప్పులు చేయకుండా ఉండలేదు. తప్పు చేసినప్పుడు నోటితో ఒప్పుకోవడం నాకు పెద్ద కష్టం కాదు. దాని ముందర నడవడమే కష్టం. పోయిన నెల గుట్ట అవతలి పక్కన కొత్త దారి కొట్టించాను. అక్కడ వద్దక్కా అని డ్రైవర్లు కొందరన్నారు. నేను దారంతా నడిచి చూసి, చాలుతుందని తేల్చి, వేయించాను. నిర్ణయం నాది. మొదటి నిండు లోడు దించాల్సిన రోజు, చిన్న వయసు డ్రైవరు శీనా బండెక్కి కూర్చున్నాడు. నేను చెప్పులిప్పి లారీ ముందరికి వెళ్లి వీపు పెట్టి నిలబడ్డాను. వాడు హారన్ మీద హారన్ కొట్టాడు. తరువాత కిటికీలోంచి తల బయట పెట్టి ఏడుపు గొంతుతో అరిచాడు. "అక్కా, నువ్వట్ల ముందర నడిస్తే నాకు కాళ్లు వణుకుతాండాయక్కా!"

"నాకూ వణికినాయప్పా" అన్నాను, తిరగకుండానే. "దించు."